ఆలివరు మంచితనము ఎక్కడిది?

చార్లెస్ డికెన్సు వ్రాసిన "ఆలివరు ట్విస్టు" నవలతో ఏదో యొక విధమైన పరిచయము లేని విద్యావంతులు మనలో అరుదు. పాఠశాలలో ఉపవాచకముగ సంగ్రహమును చదివినవారు కొందఱు. చలనచిత్రముగ చూచినవారు కొందఱు. ఏమియు చదువనివారికి సయితము, ఖాళీ గిన్నె చేత బట్టుకొని మఱికొంచెము గంజి పోయుడని యడిగిన అనాథబాలుని రూపము ఎక్కడనో కన్నులబడియే యుండును. 1837 ఫిబ్రవరి మొదలు 1839 ఏప్రిలు వఱకు ఒక లండను మాసపత్రికయందు భాగములుగ వెలువడిన యీ కథ, పసిపిల్లలయెడ పెద్దలు చేయు క్రౌర్యమును ఇంగ్లండు దేశపు సుఖగృహముల నడుమకు కొనివచ్చి నిలిపినది. ఆ యుపకారమును మేము తక్కువగ నెంచువారము కాము.

అయినను ఇటీవల మూలమును ఆద్యంతము మఱల చదివినపుడు మాకు కొంత సంతోషమును, కొంత కినుకయు కలిగినవి. మేము ఒక ప్రశ్నను మనస్సునం దుంచుకొని చదివితిమి. బాల్యమున దెబ్బలు తిని, ఆకలిగొని, ఎవరికిని పట్టనిదై పెరిగిన బిడ్డ తరువాత నేరములకు దిగునా? దిగినచో ఏల? దిగనిచో ఏల? ఈ ప్రశ్నకు డికెన్సు ఒకే నవలలో రెండు సమాధానములు చెప్పినాడు. ఆ రెండును ఒకదానితో నొకటి పొసగవు. తప్పు సమాధానమును కథానాయకునకు కట్టబెట్టి, సరియైన సమాధానమును ప్రక్కపాత్రలలో దాచినాడు. లోకము కథానాయకునే జ్ఞాపకముంచుకొన్నది.

కథను క్లుప్తముగ జెప్పుకొందము. 1834 నాటి బీదల చట్టము ప్రకారము నడుపబడిన వర్కుహౌసు అను బీదలశాలలో ఒక నిర్భాగ్యురాలు బిడ్డను గని, కన్నువెంటనే కన్నుమూయును. ఆ బిడ్డయే ఆలివరు. పిల్లల పోషణకై పేరీషు ఇచ్చు సొమ్ములో తన పాలు తాను తీసికొని, మిగిలినదానితో వారిని బ్రతికించియు బ్రతికింపక పెంచు మిసెస్ మాన్ అను స్త్రీ చేతిలో తొమ్మిదేండ్లవఱకు పెరుగును. గంజి యడిగిన నేరమునకు చీకటిగదిలో బంధింపబడును, దెబ్బలు తినును. శవపేటికలు చేయు వర్తకుని యొద్ద పనికి పెట్టబడి, ఆ పేటికల నడుమనే పండుకొనును. అక్కడ కన్నతల్లిని నిందించిన నోవా క్లేపోలు అను కుఱ్ఱవానిని కొట్టి, దానికి శిక్షపొంది, లండనుకు పాఱిపోవును. అచ్చట ఫేగిను అను ముదుసలి దొంగ చేతిలో పడును. ఫేగిను పిల్లలకు జేబులు కొట్టుట నేర్పి వారి సంపాదనమున జీవించువాడు.

ఇంత జరిగినను ఆలివరునకు ఏమియు కాలేదు. ఇదియే మా మొదటి యాక్షేపణ. పదియేండ్లు తిట్లు తప్ప వేఱు మాట వినని బాలుడు శుద్ధమైన, మర్యాదగల భాష మాటలాడును. ఎన్నడును ప్రేమ నెఱుగనివాడు చూచిన క్షణముననే ప్రేమించును. దొంగతన మనిన వణకిపోవును, అబద్ధ మాడడు, మనసులో పగ యుంచుకొనడు. దెబ్బలు వాని చర్మముపై వాతలు తేల్చినవే గాని లోపలికి దిగలేదు. పిల్లలతో నొక దినము గడిపినవారెవరికైనను ఇది నమ్మదగినదిగ దోచదు. డికెన్సునకును దోచలేదు కాబోలు. కావుననే కథాంతమున కారణమును వెదకి చూపినాడు. ఆ కారణమేమి? జన్మ. ఆలివరు తండ్రి కులీనుడైన పెద్దమనిషి. తల్లి నౌకాదళోద్యోగి కుమార్తె. రక్తమే వానిని కాపాడినదట! తండ్రి వ్రాసిన మరణశాసనములో ఒక షరతు గలదు: ఆ బిడ్డ మగవాడైనచో, మైనారిటీ తీరులోపల తన పేరునకు కళంకము తెచ్చు దుష్కార్యమేదియు బహిరంగముగ చేయకున్ననే ఆస్తి వానికి చెందవలెను. సవతియన్న యగు మాంక్సు ఆస్తికై వానిని దొంగను చేయుడని ఫేగినుకు డబ్బిచ్చును. అనగా, పెద్దలు తోసిన గోతిలో పడినందుకు బిడ్డ దాయభాగమును పోగొట్టుకొనవలెను. గ్రంథకర్త యీ షరతును నీతిగనే భావించినట్లున్నది. ఆ తండ్రి తాను చేసినదేమో ఆ కాగితమున వ్రాసికొనలేదు.

ఆ మాంక్సును గూర్చియు ఒక మాట. వాడు వర్కుహౌసులో పుట్టలేదు. ధనవంతుల యింట పుట్టెను. పెద్దల బలవంతమున జరిగిన వివాహమునకు, ఒకరినొకరు ద్వేషించుకొను దంపతులకు పుట్టిన బిడ్డ. తల్లి వానికి నేర్పినది భర్తపై ద్వేషమే. ఆలివరు శీలమునకు జన్మ కారణమైనచో, ఒకే తండ్రి రక్తము గల మాంక్సునకు అది యేల పనిచేయలేదు? ఈ ప్రశ్నను డికెన్సు అడుగడు. వాని ముఖముపై రోగచిహ్నమును, వాని మనస్సులో సహజమైన దుష్టత్వమును పెట్టి ముందునకు సాగిపోవును.

జన్మను నమ్ముట కథలలో చూచుటకు ఇంపుగనే యుండును. కాని అది రెండువైపుల కోయు కత్తి. సుజన్మ ఆలివరును కాపాడునని యొప్పుకొన్నవాడు, దుర్జన్మ మఱియొక బిడ్డను పాడుచేయునని యొప్పుకొనక తప్పదు. ఈ నవలలోనే ఫేగినును యూదుడు యూదుడని మాటిమాటికి పిలిచి, దుర్మార్గమును ఒక జాతికి అంటగట్టిన పాపము డికెన్సుకు చుట్టుకొన్నది. 1863 లో ఒక యూదువనిత లేఖ వ్రాసి యాక్షేపించగా, తరువాతి ముద్రణమున ఆ పదమును పెక్కుచోట్ల తొలగించెను. మన దేశమున అదే విశ్వాసము నవలలో గాక శాసనమున కెక్కినది. 1871 లో ఆంగ్లప్రభుత్వము నేరజాతుల చట్టమును చేసి, కొన్ని కులములవారు పుట్టుకచేతనే నేరస్థులని నిర్ణయించెను. 1897 నాటి సవరణ నాలుగేండ్లు మొదలు పదునెనిమిదేండ్లవఱకు గల వారి పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి ప్రత్యేక నివేశములలో నుంచుటకు అధికారమిచ్చెను. మన తెలుగునేలమీద బాపట్ల చేరువ స్టూవర్టుపురము ఇట్టి నివేశముగనే యేర్పడినది. చట్టము 1952 లో దేశమంతట రద్దయినను, ఆ యూరిపేరు చెప్పిన వెంటనే దొంగలను తలచుకొను అలవాటు ఎన్ని యేండ్లు మనలను వదలలేదో చదువరులకే తెలియును. ఆ యూరి బిడ్డ పాఠశాలలో పేరు వ్రాయించుకొనునపుడు ఉపాధ్యాయుడు తలయెత్తి చూచిన చూపు కూడ ఒక దెబ్బయే.

1951 లో వచ్చిన "ఆవారా" చిత్రమున ఈ విశ్వాసమునే ప్రశ్నింప బూనిరి. దొంగకొడుకు దొంగయే యగునని తీర్పు చెప్పిన న్యాయమూర్తి కొడుకునే ఒక బందిపోటు దొంగగ తయారుచేయును. ఆలోచన మంచిదే. కాని అక్కడను దొంగయైన బాలుడు పెద్దయింటి బిడ్డయే. నిజముగ బందిపోటునకే పుట్టి, బందిపోటు పెంపకమున పెరిగిన కుఱ్ఱవానిని నాయకునిగ నిలిపి కన్నీరు పెట్టింపుడని యడిగిన, మన కథకులు ఈనాటికిని కొంచెము జంకుదురు.

ఇక డికెన్సు చెప్పిన రెండవ సమాధానమునకు వత్తము. ఇచ్చట అతనికి మేము నమస్కరించుచున్నాము.

నోవా క్లేపోలును చూడుడు. వాడు ధర్మపాఠశాలలో చదివిన పేదపిల్లవాడు. వీధిలోని కొట్లలో పనిచేయు కుఱ్ఱలు వాని దుస్తులను జూచి ఎంతకాలమో గేలిచేసిరి. వాడు మాఱుమాటాడక సహించెను. తనకంటె తక్కువవాడొకడు, పేరైన లేని యనాథ, తన చేతికి దొరికిన దినమున, తాను పడినదంతయు వడ్డీతో సహా వానిపై తీర్చుకొనెను. ఈ నవలలో ఇంతకంటె సత్యమైన ఘట్టము లేదు. తరువాత ఆ నోవాయే లండను చేరి ఫేగిను యొద్ద పని కోరును. ఎట్టి పని? తల్లులు అంగడికి పంపిన చిన్నపిల్లల చేతిలోని డబ్బులను లాగుకొను పని. దెబ్బ తినినవాడు తిరిగి కొట్టువానిని కొట్టడు. తనకంటె చిన్నవానిని వెదకుకొనును. మన యిండ్లలో తండ్రి చేత దెబ్బతిన్న పెద్దకొడుకు చెల్లెలి జడ లాగుటయు, చెల్లెలు పిల్లికూనను తన్నుటయు చూడని తల్లి గలదా?

ఫేగిను వంటగదిని చూడుడు. ఆకలితో, అలసటతో, పుండ్లుపడిన పాదములతో లండను చేరిన ఆలివరునకు మొదట వేడివేడిగ అన్నము పెట్టినదెవరు? దొంగలు. వానిని నవ్వించినదెవరు? దొంగలు. ఫేగిను ముసలి పెద్దమనిషివలె నటించుచు జేబులలో డబ్బీలు, చేతిరుమాళ్లు పెట్టుకొని గదిలో పచారుచేయగా పిల్లలు వానిని తెలియకుండ లాగుదురు. ఆలివరు జన్మమధ్యమున మొదటిసారి కడుపార నవ్వును. ధర్మశాల గంజి కొలిచి పోసినది; దొంగ కొలువక పెట్టినాడు. నేరము పిల్లలకు నేరముగ ఎదురుకాదు. అన్నముగ, ఆటగ, ఒక చోటుగ ఎదురగును. ఈ సంగతిని పండితులు పుస్తకములు వ్రాయకపూర్వమే ఇరువదియైదేండ్ల యువకుడు కనిపెట్టి వ్రాసినాడు.

అతనికి ఎట్లు తెలిసెను? అతని మరణానంతరమున మిత్రుడు ఫార్‌స్టరు ప్రకటించిన జీవితచరిత్రవలన కారణము బయటపడినది. 1824 లో తండ్రి యప్పులకై మార్షల్‌సీ చెఱసాల పాలైన దినములలోనే, పండ్రెండేండ్ల డికెన్సును బూట్లకు పూయు నలుపు తయారుచేయు కర్మాగారమున సీసాలకు కాగితము లంటించు పనిలో పెట్టిరి. పనివేళలు తీరిన తరువాత ఒంటరిగ లండను వీధులలో తిరిగెను. దైవానుగ్రహ మొకటి లేకున్న, తనపై పెద్దలు చూపిన శ్రద్ధనుబట్టి చూడగా, తాను చిన్నదొంగయో దేశదిమ్మరియో యగుట ఏమంత కష్టము కాకపోయెనని అతడే వ్రాసికొన్నాడు. తన విషయమున అతడు రక్తము మాట యెత్తలేదు. శ్రద్ధ మాట యెత్తినాడు. ఆ కర్మాగారమున అతనికి జబ్బుచేసినపుడు వేడినీళ్ల సీసాలు పెట్టి ఉపచారము చేసిన తోటి కుఱ్ఱవాని పేరు బాబ్ ఫేగిను. అట్టి దయాళువు పేరు దొంగల నాయకునకు ఏల పెట్టెనో విమర్శకులు పెక్కువిధముల చెప్పుదురు. ఆ దయ తన్ను ఆ లోకమునకే కట్టివేయునేమో యని పసిమనస్సు భయపడియుండునని మా యూహ.

ఆడపిల్లల విషయమునకు వచ్చుసరికి ఈ నవల మఱింత లోతునకు దిగును. నాన్సి తాను ఆలివరు వయస్సులో సగమైన లేనినాటినుండి ఫేగినుకై దొంగిలించుచున్నానని, పండ్రెండేండ్లుగ అదే వృత్తిలో నున్నానని వాని ముఖముమీదనే చెప్పును. ఎప్పుడు చెప్పును? ఫేగిను దుడ్డుకఱ్ఱతో ఆలివరును కొట్టబోగా, ఆమె పరుగున వచ్చి ఆ కఱ్ఱను లాగి నిప్పులో పాఱవైచిన పిమ్మట. చదువరులు ఈ ఘట్టమువద్ద ఒక్క క్షణము నిలువవలెను. ఆలివరును మోసముచేసి పట్టితెచ్చినది ఆ నాన్సియే. వాని దెబ్బకు అడ్డుపడినదియు ఆ నాన్సియే. దెబ్బలు తిని పెరిగిన నోవా చిన్నవానిని కొట్టెను. దెబ్బలు తిని పెరిగిన నాన్సి కఱ్ఱను కాల్చెను. హింస హింసనే పుట్టించునను సూత్రము ఒక నవలలోని ఇద్దఱికే సరిపోలేదు.

నాన్సి కెదురుగ రోజ్ మేలీ యను కన్య గలదు. ఆమెకు వయస్సు పదునేడు దాటలేదు. అందఱును ఆమెను పుణ్యమూర్తిగ చూతురు. కాని ఆమె బాల్యమేమి? తల్లిదండ్రులు లేని శిశువుగ పేదల గుడిసెలో పెరిగినది. ఆమెది పాపపుపుట్టుక యని మాంక్సు తల్లి అబద్ధములు చెప్పి, ఆ పేదలు సయితము ఆమెను ఈసడించునట్లు చేసినది. ఇట్లు దుఃఖమున నుండగా ఒక వితంతువు ఆ బిడ్డను యాదృచ్ఛికముగ చూచి, జాలిపడి, తన యింటికి తీసికొనిపోయి కన్నబిడ్డవలె పెంచెను. అంతే. నాన్సి ఆమెను కలిసికొనిన రాత్రి తన మనస్సులోని మాటను చెప్పును: నీకు చిన్ననాట ఆదరించి కాపాడువారుండిరి, నీవు చలియు ఆకలియు కల్లుతాగిన కొట్లాటయు నడుమ పెరుగలేదు, నాకు ఉయ్యాలనాటినుండి సందులును మురికికాలువలును ఇల్లు, అని ఆ మాటల సారము. ఇచ్చట డికెన్సు ఒప్పు సమాధానమును చెప్పినాడు. ఇద్దఱు ఆడపిల్లలకును నడుమ గల యంతరము రక్తము కాదు. ఒక వితంతువు దారిని పోవుచు ఆగుటయు, ఆగకపోవుటయు. తరువాత రోజ్ ఆలివరునకు పినతల్లి యని తేల్చి, ఆమెకును మంచి వంశము నంటగట్టి, చెప్పిన మాటను తానే కొంత చెడగొట్టెను. అది వేఱు సంగతి.

రోజ్ ఆశ్రయ మిత్తునన్నను నాన్సి నిలువదు. తన్ను కొట్టు సైక్సు నొద్దకే మఱలిపోవును. వాని చేతనే చచ్చును. కొందఱు పాఠకులు దీనిని ప్రేమ యందురు. మేము అట్లనజాలము. బాల్యమునుండి కొట్టినవాని యొద్దనే అన్నము తినిన ప్రాణి, కొట్టని యింటిని ఇల్లుగ గుర్తింపలేకపోవుట యిది. పదేండ్లు ముందుగ రాదగిన చేయి పదేండ్లు ఆలస్యముగ వచ్చినది. తరువాతి కాలమున డికెన్సు ఈ తెలివిని ఆచరణలో పెట్టినాడు. 1847 లో అంజెలా బర్డెట్ కూట్సు అను ధనవతి సొమ్ముతో లండను సమీపమున షెపర్డ్స్‌బుష్ లో యురేనియా కాటేజి అను గృహమును తెఱిచి, చెఱనుండి వెలువడిన యువతులను, వీధినపడిన బాలికలను అందు చేర్చెను. వారికి యూనిఫారము వేయక రంగురంగుల ఉడుపు లిచ్చెను. గత చరిత్రను ఒకసారి చెప్పించి, తిరిగి యెవరును దానిని ఎత్తిపొడువరాదని నియమము పెట్టెను. శిక్షణ పొందినవారిని కొత్త జీవితమునకై ఆస్ట్రేలియా మున్నగు దేశములకు పంపెను. నవలలో నాన్సిని చంపిన చేతులే ఆ యింట నాన్సి చెల్లెండ్రను బ్రతికింపజూచినవి. అదే కాలమున బ్రిస్టలు నగరమున మేరీ కార్పెంటరు 1852 లో బాలాపరాధులకును, 1854 లో రెడ్‌లాడ్జి అను భవనమున ప్రత్యేకముగ బాలికలకును సంస్కరణశాలలు తెఱిచెను. రామమోహనరాయల సాన్నిహిత్య మెఱిగిన ఆ పుణ్యాత్మురాలు 1866 లో మన దేశమునకును వచ్చి, స్త్రీవిద్యకై, చెఱసాలల సంస్కారమునకై కృషిచేసిన సంగతి మన సంస్కారోద్యమ చరిత్ర చదివినవారికి క్రొత్త కాదు.

కథలను కథలతోనే తూచుట చాలదు. డికెన్సు చెప్పిన రెండు సమాధానములలో ఏది నిజమో లెక్కవేసి చూచినవారు ఉన్నారు. కాథీ స్పాట్జ్ వైడమ్ అను అమెరికా విదుషి 1967 మొదలు 1971 వఱకు మధ్యపశ్చిమ ప్రాంతపు ఒక నగరమున న్యాయస్థానములకు వచ్చిన వ్యవహారములనుండి, పదునొకండేండ్ల లోపలనే హింసకుగాని అలక్ష్యమునకుగాని గుఱియైనట్లు రుజువైన 908 మంది బాలబాలికలను తీసికొనెను. అదే వయస్సు, అదే లింగము, అదే జాతి, ఇంచుమించుగ అట్టి కుటుంబస్థితి గలిగి, అట్టి రుజువు లేని 667 మందిని వారి ప్రక్కన నిలిపెను. పెద్దవారైన పిదప ఇరువర్గముల పోలీసు దాఖలాలను చూచి 1989 లో ఫలితములను ప్రకటించెను. హింసింపబడినవారిలో నూటికి 26 మంది బాల్యముననే నేరమునకై పట్టుబడిరి. రెండవ వర్గమున నూటికి 17 మంది. హింసానేరములకు పట్టుబడినవారు మొదటి వర్గమున నూటికి 11 మంది, రెండవ వర్గమున 8 మంది.

ఈ యంకెలను రెండు విధముల చదువవచ్చును; రెండు విధములను చదువవలెను. 17 నుండి 26 అగుట చిన్న సంగతి కాదు. ఆ తొమ్మిదిమంది ఎవరి బిడ్డలో, ఎవరి చేతి దెబ్బల ఫలమో. అయితే మిగిలిన 74 మంది? వారు బాల్యమున నేరమునకై పట్టుబడలేదు. దెబ్బతిన్న బిడ్డను జూచి "వీడు బాల్యముననే దొంగ యగును" అనువాడు నూటికి 74 పాళ్లు అబద్ధమాడుచున్నాడు. ఆ 74 మందియు ఆలివరులవలె కులీనుల గూఢసంతానమని డికెన్సుకూడ అనజాలడు. వారిలో పెక్కండ్రకు రోజ్ మేలీకి దొరికినట్లు ఎవరో యొకరు, ఒక అమ్మమ్మయో, ఒక మేనత్తయో, ఒక పంతులమ్మయో దొరికియుండును. పట్టుబడనంతమాత్రమున గాయము మానినదనియు అనుకొనరాదు. చెఱసాల పుస్తకమున కెక్కని దుఃఖములు పెక్కు గలవు.

వైడమ్ లెక్కలో మా మనస్సునకు ముల్లువలె గ్రుచ్చుకొన్న విషయ మింకొకటి. దెబ్బలు తిన్న పిల్లలలో హింసానేరములకు పట్టుబడినవారు నూటికి 15.8, ఏ దెబ్బయు తినక కేవలము అలక్ష్యమునకు గుఱియైనవారిలో 12.5, పోల్చిచూచిన వర్గమున 7.9. కొట్టిన తండ్రిని అందఱము నిందింతుము. కొట్టక, తిట్టక, అన్నము పెట్టితినో లేదో చూడక, ఎక్కడికి పోయితివని యడుగక విడిచిన యింటిని ఎవరును నిందింపరు. నిందించుటకు ఒక దెబ్బయైన కనబడదు.

ఈ లెక్కకు హద్దులున్నవి. ఆ విదుషియే వానిని చెప్పినది. న్యాయస్థానమువఱకు వచ్చినవి చాలవఱకు బీదల కుటుంబములు. మాంక్సు పుట్టినవంటి యింటి తలుపులు పోలీసులు తట్టరు. మఱియు పట్టుబడుట వేఱు, నేరముచేయుట వేఱు. అధికారుల కన్ను ఒకసారి పడిన యింటిపై మఱల మఱల పడును.

ఆడపిల్లలను గూర్చి ఆ లెక్కలు చెప్పినదానిని ప్రత్యేకముగ గమనింపవలెను. హింసింపబడిన బాలికలు ఇతర బాలికలకంటె ఎక్కువగ పట్టుబడిరి. కాని మొదటి లెక్కలలో ఆ యాధిక్యము కొట్లాటలలోగాక చిల్లర నేరములయందును, అకాలమున వీధులలో తిరుగుట మొదలగువానియందును కనబడినది. అదే బిడ్డలను మఱికొంతకాలము వెంబడించి 2001 లో ప్రకటించిన లెక్కలలో హింసానేరములయందును భేదము కనబడినది. మీడా చెస్నీ-లిండ్ అను మఱియొక పండితురాలు 1989 లోనే దీని మర్మమును విప్పినది. ఇంటిలో హింసను, మానభంగమును భరింపలేక ఆడపిల్ల పాఱిపోవును. ఆ పాఱిపోవుటయే నేరమని చట్టము పట్టితెచ్చి అదే యింట అప్పగించును. మఱల పాఱిపోయి వీధిలో బ్రతుకుటకు దొంగతనమునకో, ఒడలమ్ముకొనుటకో దిగిన పిమ్మట నిజమైన నేరగత్తె యగును. మగపిల్లవాడు గడప దాటిన "పోకిరి" యందురు; ఆడపిల్ల గడప దాటిన మన భాషలో అందుకు వాడు మాట "లేచిపోయినది". ఎందుండి పాఱిపోయినదని ఆ మాట అడుగనీయదు.

మన దేశమున ఇదంతయు ఎవరిదో లండను కథ యని తోసివేయుటకు వీలులేదు. 2007 లో కేంద్రప్రభుత్వపు స్త్రీ శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి నివేదికను ప్రకటించెను. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ముగ్గురు పిల్లలలో ఇద్దఱు శారీరక హింసను పొందినవారే. ఇంటిలో దెబ్బలు తిన్నవారిలో అత్యధికులను కొట్టినది కన్నవారే. "మొక్కై వంగనిది మానై వంగునా" యని మనము సామెత చెప్పుకొని బెత్తము తీయుదుము. సామెత వంచుమన్నదేగాని విఱువుమనలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలలలో శారీరకదండనను నిషేధించినది. 2015 నాటి బాలల న్యాయ చట్టము తన సంరక్షణమునందలి బిడ్డను హింసించినవానికిని, బుద్ధిపూర్వకముగ అలక్ష్యము చేసినవానికిని మూడేండ్లవఱకు చెఱ విధింపవచ్చుననినది. మన వంటయిండ్లలోనికి ఆ శాసనముల మాట ఇంకను సరిగ చేరలేదు.

ఆ 2015 చట్టమును చదివినపుడు మాకు మఱల ఈ నవలయే జ్ఞప్తికి వచ్చినది. చట్టము పిల్లలను రెండు పుటలలో వ్రాసికొనును. సంరక్షణము కావలసిన బిడ్డ బాలల సంక్షేమ సమితి యెదుటికి పోవును. చట్టమునకు విరుద్ధముగ నడచిన బిడ్డ బాల న్యాయ మండలి యెదుటికి పోవును. ఆలివరు మొదటి పుటలోని వాడు. జాక్ డాకిన్సు రెండవ పుటలోని వాడు. "ఆర్ట్‌ఫుల్ డాడ్జరు" అను బిరుదు గల ఆ జాక్ కూడ ఇంచుమించు ఆలివరు యీడువాడే. పెద్దవాని కోటు తొడిగికొని, పెద్దవానివలె మాటలాడి, ఒక వెండి పొడుముడబ్బీ జేబులో దొరికినందుకు న్యాయస్థానమున నిలుచును. ఆ ఘట్టము నవ్వు పుట్టించును, మేమును నవ్వితిమి. నవ్వి పుట త్రిప్పిన తరువాత గాని, వాని తల్లి యెవరో, వానిని మొదట ఎవరు కొట్టిరో, ఏ రాత్రి ఏ యాకలితో ఫేగిను గడప త్రొక్కెనో గ్రంథకర్త ఒక్క వాక్యమైన వ్రాయలేదని స్ఫురింపలేదు. ఆలివరు బాల్యమునకు ఎన్నో ప్రకరణములు. జాక్ బాల్యమునకు ఒక పంక్తియు లేదు. వానికి ద్వీపాంతరవాసము ప్రాప్తించును. పాఠకుడు కంటతడి పెట్టడు. నేడు మన చట్టముననుసరించి పదునాఱేండ్లు నిండిన బాలుడు ఘోరనేరము చేసెనను ఆరోపణ వచ్చినపుడు, వానిని పెద్దవానివలె విచారింపవచ్చునా యని పరీక్షించి నిర్ణయింతురు. నేరము జరిగిన పరిస్థితులనుకూడ ఆ పరీక్షలో చూడవలెనని చట్టమున నున్నది. ఆ పరిస్థితుల లెక్క నేరము జరిగిన దినమునుండి మొదలగునో, మొదటి దెబ్బ పడిన దినమునుండి మొదలగునో, ఆ స్థానమున గూర్చున్నవారి చేతిలోనున్నది.

ఫేగిను పిల్లలలో ఒక్కడు మాత్రము బాగుపడును. చార్లీ బేట్సు అను ఎప్పుడును నవ్వుచుండు కుఱ్ఱవాడు, సైక్సు చేసిన హత్యను జూచి హడలి, ఆ బ్రతుకునకు వెన్నుచూపి, రైతునొద్ద కూలిగ చేరి, కడకు నార్తాంప్టన్‌షైరున పశువులను మేపుకొను సుఖజీవి యగును. వాని తండ్రి పెద్దమనిషియని డికెన్సు చెప్పలేదు. వానికి మరణశాసనము లేదు. ఒక భయమును, ఒక పనియు, వానికి పని యిచ్చిన ఒక రైతును. ఇంత ముఖ్యమైన కథను గ్రంథకర్త తుదిప్రకరణమున ఒక పేరాలో ముగించుట మాకు ఎంతయు వెలితిగ తోచినది.

మేము చూచిన పిల్లల సంగ్రహములలో ఆ పేరాయు లేదు. నాన్సి రోజ్ తో చెప్పుకొనిన బాల్యమును లేదు. గంజిగిన్నె, జేబుదొంగల యాట, చివర ఆస్తి దొరకుట, ఇవియే మిగిలినవి. ఈ నవలను తెలుగున పిల్లలకొఱకు క్రొత్తగ సంగ్రహింపదలచినవారు ఆస్తి కథను ఎంత కుదించినను మాకు అభ్యంతరము లేదు. నాన్సి ఆ కఱ్ఱను నిప్పులో వేసిన ఘట్టమును, రోజ్ తో మాటలాడిన రాత్రిని, చార్లీ బేట్సు పేరాను మాత్రము తొలగింపక అచ్చువేయవలెనని ప్రచురణకర్తలను కోరుచున్నాము.